మూడో సున్నపు రాయి

శనివారం సాయంత్రం సువార్త ఎంత పని చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. మనవరాలు సారిక రేసు బండి ఆఖరి సర్వీసు కోసం మెకానిక్ భూపాల్ షెడ్డులో ఉన్న ఆ రెండు గంటల్లోనే, అరవై మూడేళ్ళ ముసలమ్మ తలమీద కొంగు కప్పుకుని అక్కడికి వెళ్ళింది. బండి వేగం తగ్గించే ఉపాయమేదైనా ఉందా అని అడిగింది. వెనక చక్రానికి చైను తిప్పే పళ్ళ చక్రం, ముప్పై తొమ్మిది పళ్ళ స్ప్రాకెట్ ఉంది, దాన్ని తీసి నలభై నాలుగు పళ్ళది వేస్తే పైవేగం దానంతటదే తగ్గుతుందని భూపాల్ చెప్పాడు. వేయించింది. ఒట్టు పెట్టకూడదని వాక్యం చదివిన మనిషే, "సారికకు చెప్పకు కొడుకా, నా మీద ఒట్టు" అంది. చైను మీద రేకు కప్పు బిగించాక మారినట్టు ఎవరికీ కనిపించలేదు. తెల్లవారు జామున సారిక ఆ బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, నవ్వుతూ చెయ్యి ఊపి, రేసుకు వెళ్ళిపోయింది.

ఇక ఇప్పుడు ఆదివారం, ఉదయం తొమ్మిది గంటలు.

సువార్త తెల్లచీర కట్టుకుని, చర్చికి వెళ్ళడానికి సిద్ధమై, వెళ్ళకుండా మంచం మీద కూర్చుంది. బైబిలు ఒళ్ళో తెరిచే ఉంది. అక్షరాలు కనిపిస్తున్నాయి గాని మాటలు లోపలికి పోవడం లేదు. తాను చేసింది మంచి పనే అని పొద్దున్నుంచి నలభైసార్లు చెప్పుకుంది. బండి మెల్లగా పోతుంది. పిల్ల ఓడిపోతుంది. ఓడిపోయి సాయంత్రానికి ఇంటికొస్తుంది. అంతే కదా? అంతే అయితే చర్చికి ఎందుకు పోలేకపోతోంది?

గేటు చప్పుడైంది. పెనిమిటి ఆమోసు లోపలికి వచ్చాడు. పొద్దున్నే సారికతోపాటు మైదానానికి వెళ్ళినవాడు ఒక్కడే తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసిన ఊపిరితిత్తులు కదా, గేటు నుంచి గడప దాకా నడవడానికే రెండుసార్లు ఆగాడు. అతని చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"ఏంది ఆ సున్నం? పిల్లేది?" సువార్త లేచి నిలబడింది.

"ఆడనే ఉన్నది. ఇద్దరిద్దర్ని ఇడుస్తున్నరు, పదకొండు గంటలకు దాని జోడి. కొత్తగూడెం శివతోటి పడ్డది." ఆమోసు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. "నిన్ను తోల్కపోదామని వచ్చిన. చీర గూడ కట్టుకొనే ఉన్నవు. నడువు."

"నేను రాను. నేను చూడలేను."

"నీ భయం నాకెరికే. అందుకే వచ్చిన. ఒక్క ముచ్చట చెప్త, ఇన్నంక నువ్వే ఉరుకుతవు. ముందుగాల ఇన్ని నీళ్ళియ్యి."

నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లాడిలా మొహం వెలిగించుకుని కూర్చున్నాడు. ఆ వెలుగు చూసి సువార్తకు మరింత భయం వేసింది.

"నెల దినాల సంది నన్ను ఒక్కటే అడుగుతున్నవు గద. దానికి చెవులు ఇనవడవాయె, గేర్ ఎప్పుడు మార్చాల్నో ఎట్ల తెలుస్తది అని."

నిజమే. సారికకు రెండేళ్ళప్పుడు వచ్చిన జ్వరం కుడిచెవిని పూర్తిగా తీసుకుపోయింది. ఎడమచెవిలో కొంచెం మిగిల్చింది. తలకు హెల్మెట్ పెడితే ఆ కొంచెం కూడా ఉండదు. బండి నడిపే వాళ్ళంతా ఇంజను కేక విని గేరు మారుస్తారు. కేక వినపడని పిల్ల ఏం చేస్తుంది? చూసి మార్చడానికి మీటరుందా అంటే, బరువు తగ్గాలని దాన్నీ పీకేసింది.

"దానికి చెవులతోటి పనే లేదే పిచ్చిదానా," అన్నాడు ఆమోసు. "నేను హాలర్ ఇంజను మీద ముప్పై ఏండ్లు జేసిన. తాడు కట్టి బొగ్గు టబ్బులు మీదికి గుంజుతుంటి. నేను కూసున్న కాడికి టబ్బులు కనవడేటివా? కనవడకపోవు. తాడు చుట్టుకునే డ్రమ్ము ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కవెట్టుకుంటి. ఇన్ని చుట్లకు టబ్బులు మలుపు కాడ, ఇన్ని చుట్లకు టబ్బులు ఆపే లాండింగు కాడ. కండ్లు లేకున్నా గంతే, చెవులు లేకున్నా గంతే. పిల్లకు గదే నేర్పిన."

"ఏం నేర్పినవు?"

"మూడు రాళ్ళు. సున్నం గొట్టిన రాళ్ళు. రోడ్డు పక్కకు పెడ్త. మొదటి తెల్లరాయి కాడ రెండో గేరు, రెండో రాయి కాడ మూడో గేరు, మూడో రాయి కాడ నాలుగో గేరు. ఏ గేరు ఎంత దూరానికి అయిపోతదో నెల దినాలు చూసి చూసి, ముడుల తాడుతోటి కొలిచి పెట్టుకున్నం. ఎవలకూ చెప్పలే. భూపాల్‌కు సుత చెప్పలే. బయటికి పొక్కితే ఎవడన్న రాయి జరుపుతడని. అది ఇంజనును ఇనదు, రోడ్డు సుత చూడదు. తెల్లగ కనవడంగనే కాలు ఎత్తుతది." రెండు చేతులూ దులుపుకున్నాడు. సున్నం పొడి ఎండలో రాలింది. "ఇప్పుడు మూడు రాళ్ళు నా చేతులతోటి పెట్టి వచ్చిన. ఆ రాయి అబద్ధం చెప్పది సువార్తా. ఇంజను అదే, చక్రం అదే ఉన్నంత సేపు అబద్ధం చెప్పది."

సువార్త మంచం మీది బైబిలును చేతుల్లోకి తీసుకుంది. దాన్ని గట్టిగా పట్టుకుంది.

"చక్రం మారితే?"

"ఏం చక్రం?"

"వెనక పళ్ళ చక్రం. అది మారితే రాళ్ళు ఏమైతయి?"

ఆమోసు నవ్వాడు. "ఏంది, నువ్వు సుత మెకానికువైనవా? ఎందుకు మారుతది అది?"

"మారితే ఏమైతదో చెప్పు."

"వెనక పళ్ళు పెరిగితే, చక్రం ఒక్క చుట్టు తిరగనీకి ఇంజను ఇంకిన్ని చుట్లు తిరగాలె. గుంజుడు పెరుగుతది. లేచుడే జోరుగ లేస్తది బండి. నడిపేటోనికి సంబురం అయితది, ఇయ్యాల బండి మంచిగున్నదనుకుంటడు. కానీ గేరు తొందరగ అయిపోతది. నూరు గజాల కాడ మార్చేది, డెబ్బై గజాలకే మార్చాలె."

"మార్చక, నూరు గజాల దాక గట్లనే పోతే?"

"హద్దు దాటి తిరుగుతది ఇంజను. కొత్త బండ్లకైతే ఆపే కరెంటు డబ్బా ఉంటది. ఇది పాత టూ స్ట్రోకు, దీంట్ల ఏముండదు. తిరిగి తిరిగి కాలిపోయి, పిస్టను పట్టేస్తది. అది పట్టేస్తే వెనక చక్రం ఉన్నకాడ ఉన్నట్టు బిగుసుకపోతది."

"బిగుసుకపోతే?"

ఆమోసు ఆమె వైపు తిరిగాడు. నవ్వు మొహం మీద ఇంకా ఉంది గాని కళ్ళు భార్య కళ్ళను వెతుకుతున్నాయి. నలభై అయిదేళ్ళ కాపురంలో ఆమె మొహం చదవడానికి అతనికి అక్షరాల అవసరం లేకపోయింది.

"ఏం జేసినవే?" అన్నాడు మెల్లగా.

సువార్త చెప్పింది. నిలబడే చెప్పింది. భూపాల్ షెడ్డు, నలభై నాలుగు పళ్ళు, రేకు కప్పు, ఒట్టు. చెబుతుంటే తన గొంతు ఎవరో పక్కింటావిడ గొంతులా వినిపించింది.

అతను అరుస్తాడనుకుంది. చెయ్యెత్తినా బాగుండేది. అతను ఒక్క మాటే అడిగాడు.

"స్పీడుకు భయపడ్డవా, పోతదని భయపడ్డవా?"

సువార్త గేటు వైపు చూసింది. ఈ రోజు గెలిచినవాళ్ళను కోయంబత్తూరు రేసుబండ్ల టీం తమతో తీసుకుపోతుంది. ఉండేది అక్కడే, నేర్చుకునేది అక్కడే. ఆ కబురు సారిక చెప్పిన రోజు నుంచి సువార్తకు అన్నం సరిగ్గా దిగలేదు. కొడుకు ఎడ్వర్డు డ్యూటీకి వెళ్ళి రాలేదు. కోడలు రెండేళ్ళ పిల్లను తన ఒళ్ళో పెట్టి, మళ్ళీ పెళ్ళి చేసుకుని వెళ్ళి రాలేదు. ఈ ఇంటి గేటు దాటినవాళ్ళు రారు. అది ఆమె నమ్మకం కాదు, ఆమె చూసింది.

"పోతదని," అంది. ఆ మాట బయటికి రాగానే మంచం మీద కూలబడింది. "ఓడిపోవాలనే చేసిన. చావాలని కాదయ్యా. ప్రభువు తోడు, చావాలని కాదు."

ఆమోసు జేబులోంచి చిన్న ఫోను తీసి సారిక నంబరు నొక్కాడు. లోపలి గదిలో, దేవుని వాక్యం రాసిన పటం కింద, అలమారలో ఏదో బుర్రుమంది. సారిక ఫోను. రేసు రోజు ఫోను దగ్గరుంటే మనసు చెదురుతుందని ఇంట్లోనే పెట్టి పోయింది. అక్కడి నిర్వాహకుల నంబర్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఆ ఫోను తాళం తీయడం ఇద్దరికీ రాదు. భూపాల్‌కు కలిపితే మోగి మోగి ఆగిపోయింది. షెడ్డు సాయంత్రాల పని, అతను గనిలో ఫిట్టరు. ఆదివారం డబుల్ మస్టర్, రెండు రోజుల జీతం పడుతుందని ఫస్టు షిఫ్టుకు పోయాడు. ఫోను పైన పెట్టి భూమిలోకి దిగిన మనిషికి ఎవరు కబురు చేయగలరు?

గోడ గడియారంలో తొమ్మిది నలభై.

"ఆటో చూడు," అన్నాడు ఆమోసు.

*

కాలనీ మూల మీద ఎల్లేశం షేర్ ఆటో మనుషుల కోసం ఆగి ఉంది. సువార్త చెప్పుల్లేకుండా వచ్చి ఎక్కింది. వెనకాల ఆమోసును దాదాపు లాగి కూర్చోబెట్టింది.

"ఏం పెద్దవ్వా, చర్చి అటు గద! పాస్టరును ఎగబెడ్తున్నవా?" అన్నాడు ఎల్లేశం పళ్ళికిలించి. "ఇంక ముగ్గురు రానియ్యి, పోదాం."

"ఎవలద్దు. బసంత్‌నగర్ అవతల పాత విమానాల మైదానం. జల్ది పోనియ్యి బిడ్డా."

ఆమె మొహం అద్దంలో చూసి ఎల్లేశం ఇంకేం అనలేదు. ఆటో దూకింది.

బయట ఎండ అప్పుడే ముదురుతోంది. బొగ్గు లారీలు వరసకట్టి పోతున్నాయి, టార్పాలిన్ల కింద నుంచి నల్లటి పొడి రాలుతోంది. సువార్త కొంగుతో ముక్కు మూసుకోలేదు. పెదవులు ప్రార్థనకు కదులుతున్నాయి గాని ఏం అడగాలో ఆమెకు తెలియడం లేదు. పిల్ల ఓడిపోవాలని రాత్రంతా అడిగిన నోరు అది. ఇప్పుడు అదే నోటితో అడిగితే ఆయన వింటాడా?

పవర్‌హౌస్ పొగగొట్టాలు వెనకబడ్డాక రైలు గేటు వచ్చింది. గేటు వేసి ఉంది.

బొగ్గు గూడ్సు. వ్యాగన్ తర్వాత వ్యాగన్, నిద్రపోతున్నట్టు కదులుతోంది. ఎల్లేశం దిగి, గేటు కర్ర దగ్గరికి పోయి, గేటుమన్‌తో గొడవ పెట్టుకున్నాడు. "వంద డబ్బాలు గుంజేదాక మేము ముసలోళ్ళమైతం అన్నా!" "దూకు మరి, నేను ఆపనే!" అన్నాడు గేటుమన్.

సువార్త వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆపేసింది. పక్కన ఆమోసు ఆ పట్టాలనే చూస్తున్నాడు. అతని గొంతు చక్రాల చప్పుడులోంచి వచ్చింది.

"సువార్తా. నేను హాలర్ ముచ్చట చెప్తున్నప్పుడు డ్రమ్ము చుట్లు లెక్కవెడ్తుంటి అన్న గద."

"ఇప్పుడెందుకది?"

"ఎడ్వర్డు పోయిన రోజు గూడ లెక్కవెట్టిన."

ఆమె తల తిప్పింది.

ఇరవై ఒక్కేళ్ళు. ఆ రోజు పొద్దున ఆమె కొడుకుతో పోట్లాడింది. ఏదో చిన్న సంగతి, ఇప్పుడు గుర్తుకూడా లేదు. అతను టిఫిను డబ్బా తీసుకోకుండానే ఫస్టు షిఫ్టుకు పోయాడు. ఆమె పంతం పట్టి వాకిట్లోకి రాలేదు. లాండింగు దగ్గర టబ్బులు ముందుకు దూసుకొచ్చి, కొడుకును గోడకేసి కొట్టాయన్నారు. డబ్బా తీసుకుని ఉంటే రెండు నిమిషాలు ఆలస్యమయ్యేవాడు. ఆ రెండు నిమిషాలను ఆమె ఇరవై ఒక్కేళ్ళు మోసింది.

"అంతకుముందు రోజు డ్రమ్ముకు కొత్త చెక్కలు కొట్టిండ్రు," అన్నాడు ఆమోసు. "డ్రమ్ము లావైంది. లావైతే ఒక్కో చుట్టుకు తాడు ఎక్కువ గుంజుకుంటది. అరవై రెండు చుట్లకు లాండింగుకు రావాల్సిన టబ్బులు యాభై ఏడింటికే వస్తయి. ఇంజను రూముల పలక మీద రాసి పెట్టిండ్రు, కొత్త లెక్క ఇదీ అని. వాళ్ళ తప్పు లేదు. తెల్లగ, పెద్దగ రాసిండ్రు."

అతను సున్నపు చేతులను చూసుకున్నాడు. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి.

"నాకు సదువు రాదు. రాదని గనిల ఎవలకూ చెప్పలే, వేలిముద్ర కాదని సంతకం ఒక్కటి నేర్చుకొని పనిల చేరిన. పలక మీద దినాం ఏదో ఒకటి రాస్తరు. ఎవలన్న చదివి చెప్పుండ్రి అంటే బయటపడుతనని అడగలే. అరవై రెండు లెక్కవెట్టిన."

సువార్తకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా ఒక సాయంత్రం కళ్ళముందుకు వచ్చింది. కొడుకు పోయిన ఆరు నెలలకు ఆమోసు బజారు నుంచి చిన్నపిల్లల పలక, బలపాలు తెచ్చాడు. "నాకు నాలుగక్షరాలు నేర్పు," అన్నాడు. సువార్త కాగితం ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి. ఎంత సంతోషపడిందో! బైబిలు చదువుకోవాలని ఆశ పుట్టింది కాబోలు అనుకుంది. అతను అ ఆ లు దిద్దుతూ ఏడుస్తుంటే, కొడుకు జ్ఞాపకం వచ్చిందేమో అని వీపు నిమిరింది.

ఆటోలో అతని సున్నపు చెయ్యి తన మోకాలి పక్కనే ఉంది. ఆమె దాన్ని పట్టుకోలేదు. తోసేయనూ లేదు.

ఆఖరి వ్యాగన్ దాటింది. గేటు కిర్రుమని లేచింది. ఎల్లేశం పరుగెత్తుకొచ్చి కూర్చున్నాడు.

"అది తర్వాత," అంది సువార్త. ఆటో ఊచను గట్టిగా పట్టుకుంది. "అది తర్వాత ఇద్దరం కూసొని ఏడుద్దాం. ముందుగాల నా పిల్ల. ఏం జెయ్యాల్నో చెప్పు."

*

మైదానం చేరేసరికి పదకొండు కొట్టడానికి ఆరు నిమిషాలున్నాయి.

గడ్డి మొలిచిన పాత రన్‌వే, నడుమ నల్లటి దారి. రోడ్డు మీదినుంచి లోపలికి పోయే దారి దాని మధ్యలోకి తెరుచుకుంటుంది. జోడీలు బయలుదేరే గీత మాత్రం కుడివైపు చాలా దూరంలో ఉంది. అక్కడంతా జనం, గొడుగులు, మైకు. ఆ జనం ముందు, ఎండలో మెరుస్తూ, రెండు బండ్లు అప్పుడే గీత దగ్గరికి వస్తున్నాయి. ఒకదాని మీద ఎర్ర హెల్మెట్. సారిక హెల్మెట్ ఎరుపు.

"సారికా!" సువార్త అరిచింది. అంత దూరం మనిషి కేక మామూలు చెవికే చేరదు.

ఎల్లేశం ఆటోను గీత వైపు తిప్పబోతే, అడ్డంగా తాడు కట్టి ఉంది. వాలంటీర్లు ఈలలు వేసి ఆపారు. ఎల్లేశం వాళ్ళతో వాదనకు దిగాడు. ఆమోసు ఆటోలోంచి దిగి సువార్త భుజం పట్టుకున్నాడు. ఊపిరి ఈలలా వస్తోంది.

"నేను తాడు దాటి జెండా పట్టుకున్నోని కాడికి పోత. ఆపమంట. కానీ నాతోటి ఉరుకుడు కాదు. అందుతనో లేదో. నువ్వు రాయి కాడికి పో."

"ఏ రాయి?"

"మూడోది. మొదటి రెండు గేర్లల్ల బండి ఇంకా మెల్లగనే ఉంటది, పట్టేసినా పడి లేస్తది. మూడో గేరే పొడుగు గేరు. తొంభై మీద పోతుంటే చక్రం బిగుసుకపోతే..." చెయ్యి చాపాడు. ఎదురుగా, దారి పక్కన ఎండుగడ్డిలో, సున్నం కొట్టిన రాయి ఒకటి పంటిలా తెల్లగా కనిపిస్తోంది. "అగో. దాన్ని లేపి, గీత దిక్కు తేవాలె. ముప్పై తొమ్మిదికి నలభై నాలుగు అంటే..." కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. "నూటికి ముప్పై చొప్పున, మొత్తం మీద నీ అడుగులు డెబ్బై. డెబ్బై అడుగులు ఇవతలికి తెచ్చి పెట్టు. మంచిగ లెక్కవెట్టు సువార్తా. తక్కువ కావద్దు."

ఆమె పరుగెత్తింది. ఎండుగడ్డి అరికాళ్ళలో గుచ్చుకుంది. వెనక ఎవరో "ఓ పెద్దమ్మా, అటు పోవద్దు!" అంటున్నారు. రాయి దగ్గరికి చేరి వంగింది. రుబ్బురోలంత లేదు గాని పసిపిల్ల అంత బరువుంది. రెండేళ్ళ పిల్లను మొదటిసారి చంకనెత్తుకున్నప్పుడు ఇంతే బరువు. ఎత్తుకుంది. సున్నం ఆమె తెల్లచీరకు, మెడకు, గడ్డానికి అంటుకుంది.

గీత వైపు తిరిగి నడవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

పదిహేను దగ్గర కళ్ళెత్తి చూసింది. ఆమోసు జనం అంచు దాకా చేరాడు. ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, మరో చెయ్యి ఊపుతున్నాడు. ఎవరో ముసలాయన సంబరపడుతున్నాడనుకున్నారు కాబోలు, పక్కనున్న వాళ్ళు నవ్వుతూ వాళ్ళూ చేతులు ఊపుతున్నారు.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. లెక్క తప్పకూడదు. మనసు ఎక్కడికి పోయినా లెక్క తప్పకూడదు. ఆయన కూడా ఆ రోజు లెక్క తప్పలేదు. సరిగ్గానే లెక్కపెట్టాడు. ఆ తలంపుకు రాయిని ఇంకా దగ్గరికి అదుముకుంది.

ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.

జెండా పడింది.

రెండు బండ్లూ ఒక్కసారిగా గర్జించాయి. సారిక బండి ముందుచక్రం నేల వదిలి లేచింది, మళ్ళీ ఆనింది, శివ బండిని అప్పుడే ఒక బారు వెనకేసింది. జనం హో అన్నారు. గుంజుడు పెరుగుతది, నడిపేటోనికి సంబురం అయితది. ఆమోసు చెప్పినట్టే! ఆ హెల్మెట్ లోపల పిల్ల నవ్వుతూ ఉంటుంది. ఇయ్యాల బండి మంచిగున్నదనుకుంటూ ఉంటుంది.

సువార్త పరుగు అందుకుంది. నలభై. నలభై ఒకటి. నలభై రెండు.

మొదటి గేరులో ఇంజను సన్నగా, ఇంకా సన్నగా కీచుమని మొత్తుకుంది. మైదానంలో ఉన్న ప్రతివాడికీ వినపడుతున్న ఆ కేక దాని మీద కూర్చున్న పిల్ల ఒక్కతెకే వినపడదు. మొదటి రాయి. కేక తెగింది. రెండో గేరు. మళ్ళీ అదే కీచు. బతికింది, బతికింది. నలభై ఎనిమిది. రాయి చేతుల్లోంచి జారుతోంది. నలభై తొమ్మిది. రెండో రాయి. మూడో గేరు పడింది. ఇక పొడుగు గేరు.

ఇంకా ఇరవై అడుగులు. రాయి మోస్తూ అందుకోలేదు. తన కాళ్ళతో, ఈ జన్మకు అందుకోలేదు.

అప్పుడు ఆమె కళ్ళు తన చేతుల మీద పడ్డాయి. రాయి మీద. రాయి వెనకున్న చీర మీద. పిల్ల వెతికేది రాయిని కాదు. తెలుపును.

సువార్త రాయి వదిలేసింది. కొంగు లాగి, రెండు చేతులతో తలమీదికి ఎత్తి, చాపి పట్టుకుని పరుగెత్తింది. యాభై మూడు. యాభై నాలుగు. గాలికి కొంగు తెరచాపలా ఉబ్బింది. ఎదురుగా ఎర్ర హెల్మెట్ క్షణక్షణానికి పెద్దదవుతోంది. ఇంజను కేక ఆమె పళ్ళలోకి, ఎముకల్లోకి దిగుతోంది. యాభై ఆరు.

యాభై ఏడు దగ్గర కాలు చీరలో చిక్కుకుంది. మోకాళ్ళ మీద పడింది. చేతులు దించలేదు. కొంగును ఇంకా పైకే ఎత్తి పట్టుకుంది.

ఇంకా పదమూడు అడుగులు మిగిలే ఉన్నాయి.

కేక అంచు దాకా వచ్చింది. ఒక్క రేసుకైనా రాని అవ్వ, ఆ తెల్లచీరలో, దారి పక్కన మోకరించి ఉండడం ఆ పిల్ల చూసింది. ఎర్ర హెల్మెట్ దారి మీదినుంచి పక్కకు, అవ్వ వైపు తిరిగింది. గేరు మీది కాలు మాత్రం ఇంకా కదలలేదు.